తవుడు మూటకు కూడా కడుపు పలికింది

మొన్న ఇద్దరు కుర్ర డాక్టర్లు మా ఇంటికి వచ్చారు. పశువైద్యం చదువు ముగించి ఏడాది కూడా కాలేదు. మైపాడు తీరంలో జరిగే దూరపు గుర్రపు స్వారీ పోటీకి ఈసారి డాక్టర్లుగా వాళ్లను పిలిచారట. "మేడం, ఏమేం పెట్టుకుని పోవాలి?" అని అడిగారు. సెలైన్లు, సూదులు, ముక్కులోంచి వేసే గొట్టం అంటూ జాబితా రాసిచ్చి, కాఫీ ఇచ్చి పంపించాను. వాళ్ల బండి వీధి మలుపు తిరిగాక నా మీద నాకే కోపం వచ్చింది. చెప్పాల్సిన సంగతి ఒక్కటీ చెప్పలేదు. అది నోటితో చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. అందుకే రాస్తున్నాను.

ముప్పై మూడేళ్లు నెల్లూరు జిల్లాలో పశువుల డాక్టరుగా పనిచేశాను. బర్రెలు, ఆవులు, గొర్రెలు, మేకలు. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ల గురించి రాయను. రాస్తే చదివే ఓపిక మీకుండదు, రాసే ఓపిక నాకూ లేదు. ఆ ఉద్యోగం చేస్తూనే, ఏడాదికి ఒక్కసారి, ఈ గుర్రాల పోటీకి డాక్టరుగా పోయేదాన్ని. ఉద్యోగం నాకు అన్నం పెట్టింది. బుద్ధి మాత్రం ఆ ఏడాదికొక్క రోజు దగ్గరే వచ్చింది, అదీ ఒక గుర్రం ప్రాణం తీసుకుని.

ఈ పోటీ సంగతి

ఒకే రోజులో అరవై కిలోమీటర్లు. ఇరవై చొప్పున మూడు చుట్లు. తెల్లవారుతుండగా మైపాడు దగ్గర బయలుదేరి ఇసుక మీద దక్షిణంగా పోతారు. దూరంగా కృష్ణపట్నం రేవు క్రేన్లు మసకగా కనిపించే చోట సరుగుడు తోటల్లోకి మళ్లి, రొయ్యల గుంటల గట్ల మీదుగా తిరిగి బయలుదేరిన చోటికే వస్తారు. ప్రతి చుట్టు చివరా మా అడ్డుకట్ట ఉంటుంది. దాన్ని వెట్ గేటు అంటారు. గుర్రం వచ్చిన ఇరవై నిమిషాల్లోగా దాని గుండె నిమిషానికి అరవైనాలుగుకు దిగాలి. దిగకపోతే అక్కడితో ఆట కట్టు. దిగితే చిగుళ్లు నొక్కి చూస్తాం, మెడ మీద చర్మం పట్టి వదిలి చూస్తాం, డొక్కల మీద స్టెతస్కోపు పెట్టి పేగుల చప్పుడు వింటాం, చివరికి నలభై అడుగులు పరుగెత్తించి కుంటుతోందా అని చూస్తాం. ఒక్కొక్క దానికీ కార్డు మీద బాగుంటే ఎ, తగ్గేకొద్దీ బి, సి అని వేసి సంతకం పెడతాం. ఆ సంతకం లేకుండా తరువాతి చుట్టు లేదు.

ముందు వచ్చినవాడు గెలిచినట్టు కాదు. చివరి గేటు దగ్గర గుర్రం నిలబడితేనే గెలుపు. ముగించినవాళ్లందరూ గెలిచినవాళ్లే అని ఈ ఆటలో అంటారు. వినడానికి బాగుంటుంది గానీ, ముగించాలనే ఆశ గెలవాలనే ఆశ కంటే తక్కువ ప్రమాదమేమీ కాదని నాకు ఆలస్యంగా తెలిసింది.

మొదటి ఏడాదే నన్ను నివ్వెరపరిచిన సంగతి ఒకటి చెప్తాను. గుర్రం చెమటతో పాటు ఒంట్లో ఉప్పు కూడా పోతుంది. ఉప్పు బాగా పోయాక దానికి దాహమే తెలియదు. అంటే నీళ్లు అందరికంటే ఎక్కువగా కావలసిన గుర్రమే తొట్టి దగ్గర తల తిప్పుకుని నిలబడుతుంది. చూసేవాళ్లు "దాహం లేదులే, బాగానే ఉంది" అనుకుంటారు. పైగా మన తీరంలో గాలి నిండా తడి, చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు. కడుపు నొప్పెడితే బర్రె మూలుగుతుంది, పడుకుంటుంది, ఊరంతా వినేలా అరుస్తుంది. గుర్రం చాలాసేపు ఓర్చుకుంటుంది. మీద కూర్చున్నవాడు పొమ్మంటే పోతుంది. పోయి పోయి ఒక్కసారి కూలుతుంది. ఇది పుస్తకంలో చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు. కళ్లతో చూసినప్పుడు ఆ పూట అన్నం సయించలేదు.

మేజర్ గారు

నన్ను ఈ పనిలోకి లాగినాయన ఒక రిటైరైన మేజర్. సైన్యంలో గుర్రాల డాక్టరుగా చేసి, గూడూరు దగ్గర నిమ్మతోట వేసుకుని స్థిరపడ్డాడు. పోటీకి ఆయనే పెద్ద డాక్టరు. జేబులో ఎప్పుడూ రెండు నిమ్మకాయలు ఉండేవి. ఎండలో తల తిరిగిన రౌతులకు అవి పిండి, ఉప్పు కలిపి తాగించేవాడు.

మొదటి రోజు నేను ఒక గుర్రం యజమానిని, నోటికి వచ్చిన అలవాటు కొద్దీ, "నెమరు వేస్తోందా?" అని అడిగాను. గుర్రం నెమరు వేయదని నాకు తెలియక కాదు, బర్రెల మధ్య బతికిన నోరు. మేజర్ గారు నవ్వలేదు. "డాక్టరమ్మా, దానికి కొమ్ములు కూడా లేవు, చూసుకున్నావా?" అన్నాడు. ఆ తరువాత నాలుగేళ్లపాటు నన్ను "నెమరు డాక్టరు" అనే పిలిచాడు.

ఆయన చెప్పినవి మూడే. గుండె గానీ పేగులు గానీ నిండు నిమిషం వినాలి. రెండు డొక్కలూ వినాలి, పైనా కిందా. గేటు సముద్రానికి దూరంగా, రోడ్డు అవతల సరుగుడు తోటలో పెట్టాలి. ఈ మూడోది ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. పోటీ జరిగేది ఇసుకలో, గుర్రాలను అంతదూరం నడిపించుకుని తోటలోకి రావాలి. ఒకసారి అడిగాను.

"చెప్పింది చెయ్యమ్మా. కారణాలు కావాలంటే మళ్లీ కాలేజీలో చేరు" అన్నాడు.

నీడ కోసమేలే అనుకున్నాను. నా జీవితంలో నేను అనుకున్నవాటిలో అంత ఖరీదైన అనుకోవడం ఇంకొకటి లేదు.

ఆయన గురించి నిజం చెప్తాను, ఇప్పుడాయన లేడు గనక కాదు, ఉన్నా చెప్పేదాన్నే. చేతులు బంగారం, కన్ను డేగకన్ను, చెప్పడం మాత్రం సున్నా. ఆజ్ఞ ఇచ్చేవాడు, ఎందుకో చెప్పేవాడు కాదు. కారణం తెలియని నియమం మొదటి అవసరం రాగానే ఊడిపోతుంది. మీరు రేపు ఎవరికైనా పైవాళ్లయితే ఇది గుర్తుపెట్టుకోండి.

చెన్నై ఆయన గుర్రం

ఆయన గొప్పతనం చెప్పే ముచ్చట కూడా ఒకటి రాయాలి. ఒక ఏడాది చెన్నై నుంచి ఒకాయన పొడుగాటి మగ గుర్రంతో వచ్చాడు. చివరి చుట్టు అందరికంటే అరగంట ముందు ముగించాడు. జనం చప్పట్లు కొట్టారు. దండ కూడా తెచ్చి వేశారు. గుండె చూస్తే డెబ్బై ఆరు. మంచునీళ్లు పోశారు, తడిగుడ్డలు కప్పారు. ఇరవయ్యో నిమిషానికి డెబ్బై. మేజర్ గారు కార్డు మీద కొట్టివేశాడు.

"నేనెవరో తెలుసా?" అని లేచాడాయన.

"తెలీదు. నాకు గుర్రాలే తెలుసు" అని మేజర్ గారు తన స్టెతస్కోపు తీసి ఆయన చెవులకు పెట్టాడు. "మీరే లెక్కపెట్టండి సార్. నిండు నిమిషం."

ఆయన గడియారం చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సగంలో పెదవులు ఆగిపోయాయి. చెవుల్లోంచి గొట్టాలు తీసి, "ఇంతసేపు దీని మీదే కూర్చున్నాను. నాకేమీ తెలియలేదే" అన్నాడు. మెడలో దండ తీసి పక్కన పెట్టి, సాయంత్రం దాకా తనే బక్కెట్లతో నీళ్లు మోశాడు. మీద కూర్చున్న మనిషికి కింద చస్తున్న ప్రాణం తెలియదా అని ఆ రోజు నేను బిత్తరపోయాను. తెలియనివాళ్లు ఉంటారని అక్కడ నేర్చుకున్నాను. తెలిసినవాళ్ల సంగతి ఇంకోచోట నేర్చుకున్నాను.

నీలవేణి

మస్తానయ్యది మైపాడే. చేపలు పట్టే కుటుంబం. వేట తనకు పడలేదని, చెన్నైలో ఎవరో వద్దనుకున్న ఒక ఆడగుర్రాన్ని తెచ్చుకుని తీరానికి వచ్చే జనాన్ని ఎక్కించుకుని తిప్పేవాడు. నల్లటి గుర్రం, నుదుటి మీద చిన్న తెల్లమచ్చ, పేరు నీలవేణి. ఆ ఊరికి దగ్గర్లో పనిచేసేటప్పుడు వాళ్లమ్మ బర్రెకు రెండు కాన్పులు చేశాను, ఆ పరిచయం. ఎక్కడ కనిపించినా "అమ్మా" అంటూ వచ్చి నిలబడేవాడు.

పోటీకి అందరూ చెన్నై, బెంగుళూరు, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లే. ఊరి గుర్రం దిగడం నీలవేణితోనే మొదలు. ఏడాదిపాటు దాన్ని తయారుచేశాడు. ఉదయం ఇసుకలో నడక, మధ్యాహ్నం కాలవలో కడగడం, సాయంత్రం నానబెట్టిన ఉలవలు. మూడు చుట్లూ ముగిస్తే తమ గుర్రాలశాలలో పని ఇస్తామని, ఆ పోటీ నడిపే క్లబ్బు కార్యదర్శి శ్రీహరి మాటిచ్చాడు. ఆదివారం జనం వస్తారా రారా అని రోడ్డు వైపు చూసే బతుకు తప్పుతుంది. పోటీ రోజు వాళ్ల వీధంతా పడవలు దించకుండా గేటు దగ్గరికి వచ్చి కూర్చుంది.

ఆ ఏడాది మేజర్ గారికి మోకాలి ఆపరేషన్. పెద్ద డాక్టరును నేనే. పోటీకి రెండు రోజుల ముందు శ్రీహరి వచ్చాడు.

"మేడం, గేటు ఈసారి అలల పక్కనే పెడదాం. తోటలో పెడితే ఎవురికీ ఏమీ కనపడదు. వచ్చే పెద్దోళ్లు సముద్రం చూసేదానికే గదా వచ్చేది. ఫోటోలు కూడా బాగుంటాయి."

"మేజర్ గారు తోటలోనే అంటారండీ."

"నీడ కోసరమే గదా మేడం. పెద్ద శామియానా ఏపిస్తాను."

నీడ కోసమే గదా అని నేనూ అనుకుంటున్నదే. సరే అన్నాను. గేటు అలలకు ముప్పై అడుగుల దూరంలో వేశారు. తెల్లటి శామియానా, జెండాలు, కుర్చీలు. నిజంగానే అందంగా ఉండింది.

మొదటి చుట్టు నీలవేణి హాయిగా ముగించింది. రెండో చుట్టుకు అయిదో గుర్రంగా వచ్చింది. పన్నెండు నిమిషాల్లో గుండె అరవైకి దిగింది. చిగుళ్లు కొంచెం పొడిగా ఉన్నాయి, ఎండలో అది మామూలే. మస్తానయ్య కళ్లెం పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. చుట్టూ ఫోటోల సందడి, మా మాటలు ఎవరికీ పట్టలేదు.

"అమ్మా, గడ్డి ముట్టలేదమ్మా ఇది" అన్నాడు మెల్లగా. "ఉలవలు పెడితే కూడా మొగం తిప్పుకునింది."

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనవాళ్లు ఊరికే అనలేదు. దాణా వద్దన్న గుర్రం అంటే ఏదో ఉన్నట్టే. నేను స్టెతస్కోపు పెట్టాను. ఎడమ డొక్క, కుడి డొక్క, పైనా కిందా. గడియారం చూసి నిండు నిమిషం. గుడగుడమని లోతుగా, ఆగి ఆగి, పెద్దగా చప్పుడు. అంత ఆరోగ్యంగా పలికే కడుపు ఆ రోజు మరే గుర్రానికీ వినలేదు.

"బ్రహ్మాండంగా పలుకుతోంది మస్తానయ్యా. జనాన్ని చూసి బెదిరింది, అంతే" అన్నాను.

"పోవచ్చునామ్మా? నిజంగా?"

"డాక్టరు నువ్వా నేనా?"

పేగుల చప్పుడు అన్న గడిలో 'ఎ' వేసి సంతకం పెట్టి కార్డు చేతికిచ్చాను. నలభై నిమిషాల విశ్రాంతి తరువాత మూడో చుట్టుకు బయలుదేరారు. వాళ్ల వీధి ఆడవాళ్లు లేచి నిలబడి చేతులూపారు. నేనూ ఊపాను.

సరుగుడు తోటలో

గంట గడిచిందో లేదో ఫోను వచ్చింది. తోటలో గుర్రం పడిపోయిందని. జీపులో పోయాను. దారిలో ఏ గుర్రమో అడగలేదు, గడ్డి ముట్టలేదన్న మాట చెవిలోనే ఉంది.

నీలవేణి ఇసుకలో పొర్లుతోంది. లేస్తుంది, రెండడుగులు వేస్తుంది, తన డొక్క వైపు తానే తిరిగి చూసుకుని మళ్లీ పడుతుంది. చెమట ఆగిపోయి చర్మం చల్లగా ఉంది. గుండె నూట పది. డొక్క మీద స్టెతస్కోపు పెట్టాను. ఏమీ లేదు. ఇంకోవైపు పెట్టాను. ఏమీ లేదు. గోడకు పెట్టినట్టే ఉంది. గంటన్నర కిందట అంత పెద్దగా పలికిన కడుపు ఇంత నిశ్శబ్దంగా ఎలా అయిందో అర్థం కాక, స్టెతస్కోపు పాడైందేమోనని నా గుండె మీద పెట్టుకుని చూశాను. దడదడమని వినిపించింది.

ముక్కులోంచి గొట్టం వేస్తే గోధుమరంగు నీళ్లు ధారగా వచ్చాయి. రెండు మెడనరాలకూ సెలైన్లు పెట్టాం. నొప్పికి ఇంజెక్షన్లు ఇచ్చాను. మస్తానయ్య దాని తల ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. "నిమ్మళం నీలా, నిమ్మళం" అంటూనే ఉన్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. మధ్యాహ్నం మూడు గంటలకు నీలవేణి పోయింది.

కోసి చూడాల్సిన బాధ్యత పెద్ద డాక్టరుదే. అక్కడే, ఆ చెట్ల కింద, నా చేతులతోనే చేశాను. మెలికపడి నల్లబడిన పేగు కనిపించింది, అది చివరి దెబ్బ. కానీ దానికి ముందు జరిగింది పెద్దపేగులో ఉంది. లోపలి మేత ఎండిన పిడకలా గట్టిపడిపోయి ఉంది. అలా కావడానికి గంటన్నర చాలదు. కొన్ని గంటలుగా ఆ కడుపు కదలనే లేదు. రెండో చుట్టు మధ్యలోనే ఆగిపోయి ఉండాలి. నేను చెవి పెట్టి విన్నప్పటికే ఆగిపోయి ఉండాలి.

నిండు నిమిషం విన్నాను. రెండు డొక్కలూ విన్నాను. మరి నేను విన్నది ఏమిటి?

తవుడు మూట

పొద్దు వాలుతుండగా గేటు దగ్గరికి తిరిగి వచ్చాను. శామియానా విప్పుతున్నారు. జనం వెళ్లిపోయారు. గుర్రం నిలబడిన చోటే నిలబడ్డాను. నీలవేణి కోసం ఎవరో తెచ్చిన తవుడు మూట ఒకటి, మూతి కూడా విప్పనిది, బల్లకు ఆనించి ఉంది. ఎందుకు చేశానో తెలియదు, వంగి ఆ మూట మీద స్టెతస్కోపు పెట్టాను.

గుడగుడమని లోతుగా, ఆగి ఆగి, పెద్దగా.

ఇసుకలో చతికిలబడ్డాను. మళ్లీ పెట్టి విన్నాను. అల వచ్చి విరిగినప్పుడు మూట కడుపు పలుకుతోంది. అల వెనక్కి పోయినప్పుడు ఆగుతోంది. గాలి గొట్టాల మీద కొడితే మధ్యలో సన్నగా ఇంకో చప్పుడు. అచ్చం ఆరోగ్యంగా ఉన్న పేగుల చప్పుడే. ఆ పొద్దు దాన్ని నా ముందుకు నడిపించుకొస్తే తవుడు మూటకు కూడా 'ఎ' వేసి పంపించేదాన్ని.

మూటను ఒక కూలి మనిషి చేత మోయించుకుని రోడ్డు వైపు నడిచాను. యాభై అడుగులకొకసారి దించి వింటూ పోయాను. ఆ మనిషి నాకు మతి పోయిందనుకుని ఉంటాడు. రోడ్డు దాటి తోటలోకి పోయాక మూట నోరు మూసుకుంది. సరిగ్గా మేజర్ గారు గేటు పెట్టించే చోట.

అక్కడినుంచే ఆయనకు ఫోను చేశాను. జరిగింది చెప్పాను.

"సముద్రం పక్కన కడుపు వినకూడదని నేను నీకు చెప్పలేదా?" అన్నాడు.

"లేదు సార్. గేటు తోటలో పెట్టమని మాత్రం చెప్పారు."

"ఎందుకో చెప్పాననుకున్నానే" అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు. "చెప్పాననే అనుకున్నానమ్మా." నన్ను ఆయన నెమరు డాక్టరు అని మళ్లీ పిలవలేదు.

నేను నోరు మూసుకున్న రోజు

పది రోజుల తరువాత నెల్లూరులో క్లబ్బు గదిలో విచారణ పెట్టారు. శ్రీహరి, ఇద్దరు పెద్దమనుషులు, నేను, మస్తానయ్య. గుర్రం చనిపోతే అడగడం వాళ్ల నియమం. ముందు రాత్రే నేను అంతా చెప్పేయాలనుకున్నాను. కాగితం మీద రాసుకుని చేతిసంచిలో పెట్టుకున్నాను కూడా. మొదట మస్తానయ్యను అడిగారు.

"నీ కార్డు ఏది?"

"యాడో పడిపోయింది సార్."

"రెండో గేటు దగ్గర డాక్టరు గారు ఏం చెప్పారు?"

అతను నా వైపు చూడలేదు. నేల చూస్తూ చెప్పాడు. "డాక్టరమ్మ వద్దనే చెప్పినారు సార్. గుర్రానికి బాగలేదు, దిగేయమన్నారు. నేనే వినకుండా ఎక్కినాను. జనంలో ఎవురూ చూసుకోలేదు."

నాకు మొదట ఏం విన్నానో తెలియలేదు. తెలిశాక నోట మాట రాలేదు. "నిజమేనా మేడం?" అని అడిగారు. ఇక్కడ మీకు అబద్ధం చెప్పను. మొదటి క్షణం మాట రాలేదన్నది నిజం. రెండో క్షణం వచ్చేది. నేనే రానివ్వలేదు. తల మాత్రం ఊపాను, అది అవునో కాదో నాకే తెలియనట్టు. వాళ్లు అవుననే రాసుకున్నారు.

ఇక ఏ పోటీలోనూ మస్తానయ్య గుర్రం ఎక్కకూడదని తీర్మానం చేశారు. గుర్రాలశాలలో పని మాట ఇంకెవరూ ఎత్తలేదు. బయటికి వచ్చాక అతను చెప్పులు వేసుకుంటూ "పోయొస్తానమ్మా" అన్నాడు. నేను "జాగ్రత్త" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో, తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గే.

ఇంకో సిగ్గు కూడా ఉంది. అతను ఆ అబద్ధం నా కోసం చెప్పాడనుకున్నాను. వాళ్లమ్మ బర్రెను కాపాడాను, పిలిస్తే పోయేదాన్ని, నా పేరు చెడితే ఆ ఊళ్ల పశువులకు దిక్కెవరు అనుకుని ఉంటాడని. నేనంటే అంత అభిమానమా అని కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను. చూడండి నా బుద్ధి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. మరుసటి ఏడు గేటు తోటలోకి మారింది. ఎందుకో అందరికీ చెప్పాను, సముద్రం కడుపులా పలుకుతుందని. కొత్త డాక్టర్ల చేత తవుడు మూట వినిపించాను. వాళ్లు నోరు వెళ్లబెట్టారు. ఇదంతా నాకు ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అలా పదకొండేళ్లు.

మైపాడు బస్సు

రిటైరైన మూడో నెలలో క్లబ్బుకు ఉత్తరం రాశాను. 'ఎ' వేసింది నేను, పొమ్మన్నది నేను, విచారణలో తల ఊపిందీ నేను. శ్రీహరి అప్పటికే లేడు, కొత్తవాళ్లు వచ్చారు. వాళ్లు మర్యాదస్తులు. మస్తానయ్య మీద తీర్మానం ఎత్తివేశామని, ఇష్టమైతే శాలలో పనికి రావచ్చని కాగితం రాసి నా చేతికిచ్చారు. అది పట్టుకుని మైపాడు బస్సు ఎక్కాను.

పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తల సగం నెరిసింది. గుర్రాన్ని మళ్లీ తెచ్చుకోలేదు, అన్న పడవలో వేటకు పోతున్నాడు.

"బస్సులో వచ్చినారా అమ్మా? ఫోను చేసుంటే ఆటో పంపిచ్చుందును గదా" అని లేచి, వల మూట మీద తువ్వాలు పరిచి కూర్చోబెట్టాడు.

కాగితం ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. నేను అప్పటికే ఏడుస్తున్నాను.

"ఎందుకు చెప్పావు మస్తానయ్యా ఆ అబద్ధం? నా కోసమేగా?"

అతను వల మీదినుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మీ కోసరం కాదమ్మా" అన్నాడు. "చెప్తే బాధపడతారు."

"చెప్పు."

"దానికి బాగలేదని నాకు తెలుసమ్మా. రెండో చుట్టులో రొయ్యల గుంటల కాడనే తెలుసు. డొక్క బిగుసుకుపోయింది, చెవులు వాల్చేసింది. ఏడాదిపొడుగునా దాంతోనే గదా నేను ఉండింది, తెలవకుండా ఎట్లుంటుంది? దిగేస్తే పని పోతాదే, వీధంతా వచ్చి కూర్చోనుండారే అని... మీరు వద్దంటే దిగేద్దామని మీ కాడికి నడిపిచ్చుకొచ్చినాను. మీరు పొమ్మన్నారు. నాకూ పోవాలనే ఉండె."

పదకొండేళ్లుగా నా తప్పును నేను తిప్పి తిప్పి చూసుకున్నాను. అతని తప్పు ఒకటుందని ఒక్కనాడూ తోచలేదు.

"మరి నేను వద్దన్నానని ఎందుకు చెప్పావు?"

"ఆ పొద్దు దాని పక్కన నిలబడి వద్దు అన్నోళ్లు ఎవురూ లేరు గదమ్మా. మీరు అనలేదు, నేను అనలేదు. అది నోరు లేనిది. ఎవురో ఒకరన్నా దాని కోసరం వద్దన్నట్టు రాసుండనీలే అని చెప్పినాను."

అతను లేచి ఇంట్లోకి పోయి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చాడు. అందులో నీలవేణి కార్డు. ఎక్కడా పడిపోలేదు. దాని మీద క్లబ్బు కాగితం కూడా పెట్టి రెండూ నా చేతికిచ్చాడు.

"ఇంగ నేను గుర్రం ఎక్కనమ్మా. అప్పుడు లేటయినా నన్ను ఆపినోళ్లు ఆ క్లబ్బోళ్లొక్కరే. అదట్లే ఉండనీండి. కార్డు మీ కాడ ఉంటే ఎవురికన్నా పనికొస్తాది."

బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. కిటికీ దగ్గర నిలబడి టికెట్టు తీసుకున్నానో లేదో అని రెండుసార్లు అడిగాడు.

ఆ కుర్ర డాక్టర్లిద్దరినీ రేపు మళ్లీ రమ్మన్నాను. స్టెతస్కోపు తీయకముందే గుర్రాన్ని తెచ్చిన మనిషి మొహం చూడమని చెప్తాను. గడ్డి ముట్టలేదని ఎవరైనా మెల్లగా అంటే, ఆపమని అడుగుతున్నట్టే లెక్క అని చెప్తాను. అర్థం కాకపోతే కార్డు చూపిస్తాను. పేగుల చప్పుడు అన్న గడిలో 'ఎ' అని ఉంది. దాని పక్కన సంతకం నాది.